కోవిడ్ సాయం సొమ్ము: బెంగళూరులో ఉన్న మనవాళ్లలో ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు?

కేఆర్ పురం అక్క
5 జూన్ 2021, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నేను కేఆర్ పురం దగ్గర ఉంటాను, స్కూల్ టీచర్ని. మా ఇంటి వెనక రెండు వీధుల్లో ఉన్నవాళ్లు దాదాపు అందరూ అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి పని కోసం వచ్చినవాళ్లే. బేల్దారి పనికి వెళ్లేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఆడవాళ్లు, ఆటో తోలేవాళ్లు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవాళ్లు. ఏప్రిల్ చివర్లో కర్ఫ్యూ పెట్టినప్పటి నుంచి వీళ్లలో చాలామందికి చేతిలో పని లేదు.

మే 19న ముఖ్యమంత్రి యడియూరప్ప గారు 1,250 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మొన్న గురువారం ఇంకో 500 కోట్లు అన్నారు. టీవీలో చూసిన దగ్గర్నుంచి "అక్కా, మాకు వస్తుందా?" అని అందరూ అడుగుతున్నారు. ఫారాలు నింపి పెట్టడం నాకు కష్టం కాదు. ఎవరికి ఏది వర్తిస్తుందో తెలియకుండా వాళ్లకు ఆశ పెట్టడం మాత్రం ఇష్టం లేదు.

నాకు తెలిసింది ఇది. నమోదైన కట్టడ కార్మికులకు 3,000. లైసెన్సున్న ఆటో, టాక్సీ, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు 3,000. క్షురకులు, రజకులు, టైలర్లు, హమాలీలు, చెత్త ఏరుకునేవాళ్లు, ఇంటిపనివాళ్లు, మెకానిక్కులు, చెప్పులు కుట్టేవాళ్లు ఇలా 11 వృత్తులవాళ్లకు 2,000. ఆత్మనిర్భర్ కింద నమోదైన వీధి వ్యాపారులకు 2,000. అప్లికేషన్లు కర్ణాటక ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ సేవాసింధులో.

చిక్కల్లా ఒకటే. మావాళ్ల రేషన్ కార్డు ఊళ్లో ఉంది, ఓటు ఊళ్లో ఉంది, కొందరి లైసెన్సూ అక్కడిదే. పని మాత్రం ఏళ్ల తరబడి ఇక్కడ. ఇలాంటివాళ్లలో ఎవరికైనా పోయినేడాది గానీ ఇప్పుడు గానీ డబ్బు అందిందా? పార్టీల గొడవ వద్దు. మీకు తెలిసింది, మీకు జరిగింది రాయండి, చాలు.

సైటు మేస్త్రీ
5 జూన్ 2021, ఉదయం 11:40

అక్కా, కట్టడం పని సంగతి నేను చెప్తాను. మాది ధర్మవరం దగ్గర. హెబ్బాళ్ వైపు సైట్లలో మేస్త్రీగా ఉన్నా.

లేబర్ కార్డు, అంటే కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదైన కార్డు, ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. బోర్డు దగ్గర ఖాతా నంబరు సరిగ్గా ఉంటే డబ్బు నేరుగా పడుతుంది. పోయినేడాది ముందు 2,000 వేశారు, తరవాత 3,000 వేశారు. మా గ్యాంగులో కార్డున్నవాళ్లకు రెండూ వచ్చాయి.

కార్డుకు సొంత ఊరితో పని లేదు, ఇది అందరికీ చెప్పండి. ఆంధ్రా అయినా ఒడిశా అయినా, 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసుంటే పనిచేసే చోటే నమోదు కావచ్చు. సెంట్రింగు, రాడ్ బెండింగు, పెయింటింగు, టైల్స్, ఇటుకలు మోసేవాళ్లు, మాలు కలిపేవాళ్లు అందరూ వస్తారు. మన ఆడవాళ్లు చాలామంది "మేము హెల్పర్లమే కదా, మాకెందుకు కార్డు" అంటారు. వాళ్లు చేసేది కట్టడం పని కాక మరేమిటి?

అసలు కష్టం ఆ 90 రోజుల కాగితం. సంతకం పెట్టమంటే కాంట్రాక్టరు వెనకాడతాడు. రేపు పీఎఫ్ అడుగుతారేమో, ప్రమాదం జరిగితే తన మెడకు చుట్టుకుంటుందేమో అని భయం. నేను చేసిన ఒక పెద్ద సైటులో కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు, అతని కింద ఇంకొకరు. ఎవరిని అడిగినా పైవాడి దగ్గరికి వెళ్లమనేవాళ్లే. కడాకు ఆ సైటులో పనిచేసిన సగం మందికి కార్డు లేకుండానే భవనం పూర్తయింది.

ఇంకొక మాట. ఈ డబ్బు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 1996లో వచ్చిన చట్టం ప్రకారం బిల్డరు పెట్టే కట్టడం ఖర్చు మీద సెస్సు వసూలు చేసి మన కోసమే బోర్డులో వేస్తారు. పోయినేడాది మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ ఆ నిధిలోంచి కార్మికుల ఖాతాల్లో వేయమని రాష్ట్రాలకు చెప్పింది. అప్పటికి దేశం మొత్తం మీద అందులో సుమారు 52,000 కోట్లు ఉన్నాయి. మన రెక్కల కష్టం మీద వసూలైన సొమ్ము అది. ఒక సంతకం లేదని మనవాడికి అందకపోతే కడుపు మండుతుంది.

మెజెస్టిక్ ఆటో
5 జూన్ 2021, మధ్యాహ్నం 1:05

నాది హిందూపురం. లైసెన్సు అక్కడే తీసుకున్నా. ఇక్కడ బాడుగ ఆటో తోలుతున్నా.

పోయినేడాది మేలో డ్రైవర్లకు 5,000 అన్నప్పుడు ఫారం నింపించుకోవడానికి ఒక కేంద్రానికి వెళ్లా. ఇక్కడి లైసెన్సు, బండి నంబరు, ఆధార్ కావాలన్నారు. నా లైసెన్సు ఆంధ్రాది. బండి ఓనరుది. తిరిగొచ్చేశా. ఊళ్లో ఆంధ్రా ప్రభుత్వం ఆటో, టాక్సీవాళ్లకు వాహనమిత్ర పథకం కింద 10,000 ఇస్తోంది గానీ దానికి సొంత బండి ఉండాలి. అంటే అక్కడా లేదు, ఇక్కడా లేదు. లాక్‌డౌన్ తీసేసిన మర్నాటి నుంచి ఓనరు రోజు బాడుగ మాత్రం అడిగాడు. ఇద్దరు పిల్లలకు ఫీజులు కట్టాలి. ఈసారి 3,000కైనా ఏదైనా దారి ఉంటే చెప్పండన్నా.

బొమ్మనహళ్లి టైలర్
5 జూన్ 2021, మధ్యాహ్నం 1:30

నాకు కూడా అదే ప్రశ్న. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్లు టైలర్ల కింద వస్తారా? షాపు లేదు, బోర్డు లేదు.

లెక్కల మాస్టారు
5 జూన్ 2021, రాత్రి 9:18

అక్కగారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ప్రకటించిన అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కనిపిస్తోంది, అది అందరూ చూడాలి.

2020 మే 6న 1,610 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు 7 లక్షల 75 వేల మంది ఆటో, టాక్సీ డ్రైవర్లకు 5,000 చొప్పున అన్నారు. ఈసారి 3,000 ఇస్తామన్నది 2 లక్షల 10 వేల మందికి. అప్పుడు 2 లక్షల 30 వేల మంది క్షురకులు, 60 వేల మంది రజకులు అన్నారు. రెండు వృత్తులే కలిపి 2 లక్షల 90 వేలు. ఈసారి ఆ రెండూ కాక ఇంకా తొమ్మిది వృత్తులు చేర్చారు, అందులో ఇంటిపనివాళ్లూ ఉన్నారు. అయినా మొత్తం 3 లక్షల 4 వేల మందే.

ఒక్క ఏడాదిలో డ్రైవర్లు తగ్గిపోలేదు. ఇంటిపని చేసేవాళ్లు ఈ ఒక్క నగరంలోనే ఎంతమంది ఉంటారో మన కళ్లముందే ఉంది. మొదటిసారి ఇంతమంది ఉంటారని అంచనా వేసి ప్రకటించారు. రెండోసారి చేతిలో ఉన్న జాబితాను చూసి ప్రకటించారు. నాకు అర్థమైనంతవరకు అదీ తేడా. జాబితాలో లేని మనిషికి బడ్జెట్లో కూడా చోటు లేదు.

జాబితాలో ఉన్నా సరిపోదు. 2020లో కట్టడ కార్మికులు 15 లక్షల 80 వేల మంది నమోదై ఉంటే, మే 6 నాటికి 2,000 పడింది 11 లక్షల 80 వేల మందికే. మిగిలిన 4 లక్షల మందికి ఖాతా వివరాలు సరిచూశాక వేస్తామన్నారు. కార్డు ఉంది, పేరు ఉంది, ఖాతా నంబరు దగ్గర ఆగిపోయింది. లాక్‌డౌన్లో ఇల్లు గడవని రోజుల్లో 2,000 ఆలస్యమైతే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నా ఉద్యోగంలో రోజూ చూసిన సంగతి ఒకటి చెప్తాను. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, మనం ఆధార్‌ను ఆఖరుగా ఏ ఖాతాకు లింకు చేశామో ఆ ఖాతాకు పోతుంది. మనవాళ్లకు ఊళ్లో జన్‌ధన్ ఖాతా ఒకటి, ఇక్కడ జీతం కోసం తెరిచింది ఒకటి ఉంటాయి. "డబ్బు రాలేదు" అన్న చాలామందికి అది వచ్చే ఉంటుంది, ఊళ్లో ఎవరూ తెరిచి చూడని పాసుబుక్కులో. ముందు అది చూడమనండి.

జయనగర్ నాలుగో బ్లాక్
6 జూన్ 2021, ఉదయం 7:50

మాస్టారి మీద గౌరవంతోనే ఇంకో వైపు కూడా చెప్తాను. ప్రభుత్వం దగ్గర డబ్బు ఎక్కడుంది? 2020లో ఆ ప్యాకేజీతో పాటే మద్యం మీద ఎక్సైజు సుంకం 11 శాతం పెంచామని చెప్పారు, బడ్జెట్లో పెంచిన 6 శాతం కాక. అంటే పన్నులు పడిపోయిన వేళ ఎక్కడో ఒకచోట వసూలు చేసి ఇక్కడ ఇవ్వాలి. అలాంటప్పుడు రుజువు అడగకుండా అడిగినవాళ్లందరికీ ఇస్తే, అక్కర లేనివాళ్లు ముందు వరసలో నిలబడతారు. నా కళ్లతో చూశాను, సొంత ఇల్లు, రెండు అద్దెలు వస్తున్న మనిషి కూడా ఫారం పెట్టాడు. లైసెన్సో కార్డో అడగడం తప్పు కాదు. ఆ కాగితం పేదవాడికి సులభంగా దొరికేలా చేయడం వేరే పని, అది ముందే జరగాల్సింది.

కేఆర్ పురం అక్క
6 జూన్ 2021, ఉదయం 9:25

«జయనగర్ నాలుగో బ్లాక్ రాసినది: ఆ కాగితం పేదవాడికి సులభంగా దొరికేలా చేయడం వేరే పని, అది ముందే జరగాల్సింది.»

ఈ మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ ముందే జరగలేదు కదా. ఇప్పుడు ఆ కాగితం లేనివాళ్లు ఏం తినాలి?

ఇంటిపని చేసే మా వీధి ఆడవాళ్ల సంగతే చూడండి. 2020 ప్యాకేజీలో వాళ్ల ఊసే లేదు. ఈసారి పేరు చేర్చారు, సంతోషం. పని చేస్తున్నట్టు రుజువు తెమ్మంటే వాళ్లు ఎవరిని అడగాలి? ఒకామె నాలుగు ఇళ్లలో చేసేది. కరోనా భయంతో రెండు ఇళ్లవాళ్లు మానిపించారు. మిగతా రెండు ఇళ్లవాళ్లు సంతకం అంటే "మాకెందుకమ్మా ఈ గొడవ" అన్నారు. చదువుకున్నవాళ్లు, మంచివాళ్లే. వాళ్లకు నష్టమేమీ లేదని నేను వెళ్లి చెప్పాక ఒకరు పెట్టారు. ఈ చర్చ చదివేవాళ్లలో ఇంట్లో పనిమనిషి ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. దయచేసి మీరే వాళ్లను పిలిచి, కాగితం ఏదైనా కావాలా అని అడగండి. అడగడానికి వాళ్లకు మొహమాటం, ఉద్యోగం పోతుందేమోనన్న భయం.

చౌకదుకాణం
6 జూన్ 2021, ఉదయం 11:02

డబ్బు సంగతి మీరందరూ చెప్తున్నారు, నేను బియ్యం సంగతి చెప్తాను. మా నాన్న ఆంధ్రాలో రేషన్ డీలరు. నేను ఇక్కడ ఐటీలో.

ఆంధ్రా, కర్ణాటక రెండూ 2020 జనవరి నుంచే ఒకే దేశం ఒకే రేషన్ కార్డులో ఉన్నాయి. అంటే ఊళ్లో ఉన్న కార్డు మీద ఇక్కడి షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఈ మే, జూన్ నెలలకు కేంద్రం మనిషికి 5 కిలోలు ఉచితంగా ఇస్తోంది, అది కూడా వస్తుంది. కుటుంబంలో ఇద్దరు ఇక్కడ, ముగ్గురు ఊళ్లో ఉంటే వీళ్ల వాటా ఇక్కడ, వాళ్ల వాటా అక్కడ తీసుకోవచ్చు. ఊళ్లో అమ్మానాన్నల బియ్యం పోతాయేమోనని చాలామంది ఇక్కడ వేలిముద్ర వేయడానికి భయపడతారు. ఆ భయం అక్కర్లేదు.

కానీ కొందరికి మెషీన్ "లేదు" అంటుంది. ఎందుకంటే ఆంధ్రాలో బియ్యం కార్డులు రెండు రకాలు. కొన్ని కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చినవి, మిగిలినవి రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చేవి. చూడటానికి రెండూ ఒకటే. ఊళ్లో రెండింటికీ బియ్యం ఇస్తారు. రాష్ట్రం దాటితే మొదటి రకమే పనిచేస్తుంది. ఇది చాలామంది డీలర్లకే సరిగ్గా తెలియదు, కార్డున్నవాళ్లకు ఎవరు చెప్తారు? ఇక్కడి షాపువాడి మీద అరిచి లాభం లేదు. మేరా రేషన్ యాప్‌లో కార్డు నంబరు కొట్టి చూడండి, లేదా 14445కి ఫోన్ చేయండి.

హిందూపురం కుర్రాడు
6 జూన్ 2021, మధ్యాహ్నం 12:15

పోయినేడాది ఏప్రిల్‌లో జగన్ ప్రభుత్వం కార్డుకు 1,000 ఇచ్చింది, వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి చేతికిచ్చారు. మా ఇంటికి తాళం. మేమందరం ఇక్కడే చిక్కుకుపోయాం. మార్చి చివర్లో బయల్దేరినవాళ్లను కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఊరు కనుచూపు మేరలో ఉన్నట్టే, పోలేం.

చూళైమేడు వాసి
6 జూన్ 2021, సాయంత్రం 5:44

నేను చెన్నై నుంచి రాస్తున్నాను. మా తాతల కాలం నుంచి ఇక్కడే. మా దగ్గర పద్ధతి వేరు, అది మీకు పనికొస్తుందేమోనని చెప్తున్నాను.

తమిళనాడులో వృత్తి అడగలేదు, అప్లికేషన్ అడగలేదు. బియ్యం కార్డు ఉంటే చాలు. 2020 ఏప్రిల్‌లో ఎడప్పాడి పళనిస్వామి గారి ప్రభుత్వం కార్డుకు 1,000 రూపాయలు, బియ్యం, పప్పు, నూనె, చక్కెర ఇచ్చింది. ఈ మేలో స్టాలిన్ గారు రాగానే సంతకం పెట్టిన వాటిలో కార్డుకు 4,000 ఒకటి. రెండు విడతలు, ఒక్కో విడతకు 2,000. మొదటిది పోయిన నెలలో తీసుకున్నాం. 2 కోట్ల 7 లక్షల కార్డులు, ఒక్క విడతకే 4,153 కోట్లు. రెండో విడతతో పాటు 14 రకాల సరుకుల సంచి కూడా ఇస్తున్నారు. రేషన్ షాపువాళ్లు ముందే టోకెన్ ఇస్తారు, దాని మీద రాసిన రోజున వెళ్తే నోట్లు చేతికిస్తారు. మా పక్కింటి ముసలామెకు బ్యాంకు ఖాతా గొడవ కూడా లేకుండా డబ్బు వచ్చింది.

జయనగర్ అన్నగారు అన్నట్టు అక్కర లేనివాళ్లూ తీసుకున్నారు, నిజమే. కానీ అక్కర ఉన్నవాడు వరసలో వెనకబడలేదు. నాకు ఆ రెండో మాటే ముఖ్యం.

జయనగర్ నాలుగో బ్లాక్
6 జూన్ 2021, సాయంత్రం 6:30

చూళైమేడు వాసి గారూ, మీ దగ్గర మెట్రో సైట్లలో, అపార్ట్‌మెంట్ల సైట్లలో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఉన్నారు కదా. వాళ్లకు ఆ 4,000 వచ్చిందా?

చూళైమేడు వాసి
6 జూన్ 2021, సాయంత్రం 7:10

రాలేదు. తమిళనాడు కార్డు లేదు కదా వాళ్లకు. అమ్మ క్యాంటీన్‌లో తిన్నారు, అంతే. మీరు అడిగింది సరైన ప్రశ్నే.

లెక్కల మాస్టారు
6 జూన్ 2021, రాత్రి 9:40

ఈ రెండు జాబుల దగ్గరే అసలు విషయం ఉంది. కర్ణాటక వృత్తిని చూసి ఇచ్చింది. తమిళనాడు కార్డును చూసి ఇచ్చింది. ఆంధ్రా ఇంటికి వెళ్లి ఇచ్చింది. తమిళనాడు పద్ధతిలో ఎక్కువమందికి అందింది, దాంట్లో నాకు సందేహం లేదు, నన్నడిగితే ఆపద వేళ అదే మేలు. అయినా మూడు పద్ధతుల్లోనూ బయట మిగిలిపోయింది ఒకే మనిషి: ఒక రాష్ట్రంలో పుట్టి ఇంకో రాష్ట్రంలో కూలి చేసుకునేవాడు. 2020 మేలో కేంద్రం కార్డు లేని వలస కార్మికులు 8 కోట్ల మంది ఉంటారని లెక్కవేసి, రెండు నెలలు తలకు 5 కిలోల చొప్పున ధాన్యం ఇస్తామంది. ఆ 8 కోట్లు కూడా అంచనాయే. పేర్లు ఎవరి దగ్గరా లేవు.

బెంగళూరు రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో ఇక్కడున్న అందరికీ తెలుసు. ఇళ్లు కట్టేవాళ్లలో, ఇళ్లలో గిన్నెలు తోమేవాళ్లలో కూడా. ఈ ఊరు వాళ్ల చేతుల మీద నడుస్తోంది. వాళ్ల పేరు ఈ ఊరి కాగితంలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

మార్కెట్ చెల్లి
7 జూన్ 2021, ఉదయం 6:20

నేను కేఆర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి మల్లేశ్వరంలో అమ్ముతా. వీధి వ్యాపారుల 2,000 గురించి ఎవరూ చెప్పలేదు, నాకు తెలిసింది చెప్తా. పోయినేడాది జూన్‌లో ఆత్మనిర్భర్ కింద వీధి వ్యాపారులకు కేంద్రం స్వనిధి లోను వచ్చింది, 10,000. చాలామంది "అప్పు కదా, ఎందుకు తలనొప్పి" అని పేరు రాయించుకోలేదు. నేను రాయించుకున్నా. నెలనెలా కడితే 7 శాతం వడ్డీ తిరిగి ఖాతాలో వేస్తారు. ఇప్పుడు 2,000 ఇచ్చేది ఆ జాబితాలో ఉన్నవాళ్లకే. లోను వద్దనుకున్నవాళ్లకు ఇదీ లేదు. ముందే ఎవరైనా చెప్పుంటే అందరం రాయించుకునేవాళ్లం. ఎవరు చెప్పారు?

చౌకదుకాణం
7 జూన్ 2021, సాయంత్రం 6:05

ఇప్పుడే ప్రధాని ప్రసంగంలో చెప్పారు. ఉచిత 5 కిలోలు దీపావళి దాకా పొడిగించారు. మొదటి రకం కార్డున్నవాళ్లు అందరూ ఇక్కడి షాపులోనే తీసుకోండి.

కేఆర్ పురం అక్క
15 జూన్ 2021, రాత్రి 8:33

మనసు కష్టంగా ఉండి కొన్ని రోజులు ఇటు రాలేదు. మా వీధిలో ఎలక్ట్రీషియన్ ఒకతను మేలో కోవిడ్‌తో పోయాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్లకు నేను పాఠం చెప్పాను.

నిన్న ముఖ్యమంత్రి గారు కోవిడ్‌తో మనిషిని పోగొట్టుకున్న బీపీఎల్ కుటుంబాలకు లక్ష రూపాయలు అన్నారు. అతని భార్య, ఆ అమ్మాయికి ఉన్న కార్డు ఆంధ్రాది. పైగా ఆసుపత్రి నుంచి ఇచ్చిన మరణ ధృవీకరణలో కోవిడ్ అన్న మాట లేదు, ఊపిరితిత్తుల వ్యాధి అని ఉంది. ఏం చేయాలో చెప్పండి.

లెక్కల మాస్టారు
15 జూన్ 2021, రాత్రి 9:50

అమ్మా, ఆ అమ్మాయిని ఒక్క కాగితం కూడా పారేయొద్దనండి. ఆర్టీపీసీఆర్ రిపోర్టు, పరీక్షకు ఇచ్చిన ఎస్సారెఫ్ నంబరు, మంచం కోసం ఇచ్చిన బీయూ నంబరు, ఆసుపత్రి బిల్లులు, స్కాను, ఫోనుకు వచ్చిన మెసేజీలు. ఫోను మార్చినా ఆ మెసేజీలు ఫోటో తీసి ఉంచుకోమనండి. సుప్రీంకోర్టులో ఈ పరిహారం మీదే కేసు నడుస్తోంది. 2020 మార్చి 14న కేంద్రం కోవిడ్‌ను విపత్తుగా పరిగణిస్తామంది. విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ విపత్తులో ప్రాణం పోయినవాళ్ల కుటుంబానికి సాయం గురించి చెప్తుంది. చూద్దాం.

లెక్కల మాస్టారు
1 జూలై 2021, ఉదయం 8:15

సుప్రీంకోర్టు నుంచి రెండు తీర్పులు వచ్చాయి, రెండూ మనకు పనికొచ్చేవే.

జూన్ 29న వలస కార్మికుల కేసులో: జూలై 31 లోపు అన్ని రాష్ట్రాలూ ఒకే దేశం ఒకే కార్డు అమలు చేయాలి. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే పోర్టల్‌ను కూడా ఆ తేదీ లోపే మొదలుపెట్టాలి. కోవిడ్ ఉన్నంతకాలం వలస కూలీలకు రాష్ట్రాలు వంటశాలలు నడపాలి.

జూన్ 30న మరణాల కేసులో: కుటుంబాలకు కనీస సాయం ఎంతివ్వాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆరు వారాల్లో మార్గదర్శకాలు ఇవ్వాలి. మరణ ధృవీకరణ పత్రాలు సరిచేసుకునే పద్ధతి సులభం చేయాలి.

అక్కగారూ, ఆ అమ్మాయికి రెండోది చదివి వినిపించండి.

సైటు మేస్త్రీ
3 సెప్టెంబర్ 2021, రాత్రి 7:30

మాస్టారు చెప్పిన అసంఘటిత కార్మికుల పోర్టల్, ఈశ్రమ్, ఆగస్టు 26న మొదలైంది, మా గ్యాంగు అంతా చేయించుకున్నాం. వయసు 16 నుంచి 59. పీఎఫ్, ఈఎస్ఐ ఉండకూడదు, ఆదాయపన్ను కట్టేవాళ్లు కాకూడదు. ఆధార్, దానికి లింకయిన ఫోను, బ్యాంకు ఖాతా కావాలి. కామన్ సర్వీస్ సెంటర్లో ఫ్రీ. ఎవరైనా డబ్బులడిగితే 14434కి ఫోన్ చేయండి. ఏడాది పాటు 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది, కాంట్రాక్టరు సంతకం అడగడం లేదు. ఏ పని చేస్తావో మనమే చెప్తే రాసుకుంటారు. అయితే లేబర్ కార్డు వేరు, ఇది వేరు. ఇది ఉంది కదా అని అది వదిలేయొద్దు.

బొమ్మనహళ్లి టైలర్
4 సెప్టెంబర్ 2021, ఉదయం 10:10

ఇంట్లో కుట్టేవాళ్లు కూడా చేయించుకోవచ్చని మా దగ్గరి సెంటర్లో చెప్పారు. నేను, మా అక్క, మా వదిన ముగ్గురం చేయించుకున్నాం. ధన్యవాదాలు మేస్త్రీ అన్నా.

లెక్కల మాస్టారు
5 అక్టోబర్ 2021, ఉదయం 7:05

కోవిడ్ మరణానికి 50,000 అని విపత్తు నిర్వహణ సంస్థ చెప్పినదాన్ని నిన్న సుప్రీంకోర్టు ఆమోదించింది. రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఇస్తారు. ఆ నిధిలో మన రెండు రాష్ట్రాల్లోనూ 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. వేరే పథకం కింద రాష్ట్రం ఇచ్చేది దీనికి అదనం.

అక్కగారూ, మీరు అడిగిన దానికి జవాబు ఇందులో ఉంది. ధృవీకరణ పత్రంలో కోవిడ్ అని రాయలేదన్న ఒక్క కారణంతో ఏ రాష్ట్రమూ కాదనకూడదు. పాజిటివ్ వచ్చిన 30 రోజుల లోపు మరణిస్తే, ఆసుపత్రిలో అయినా ఇంట్లో అయినా, కోవిడ్ మరణంగానే చూడాలి. అప్లై చేసిన 30 రోజుల్లో డబ్బివ్వాలి. కాదంటే జిల్లా కమిటీకి వెళ్లవచ్చు, వాళ్లు పత్రం సరిచేయించగలరు.

కేఆర్ పురం అక్క
21 నవంబర్ 2021, మధ్యాహ్నం 3:20

ఆ అమ్మాయి ఆర్టీపీసీఆర్ రిపోర్టు పెట్టి 50,000కు అప్లై చేసింది. రసీదు ఇచ్చారు. లక్ష రూపాయల సంగతి కార్డు దగ్గరే ఆగింది, దానికోసం ఇంకా తిరుగుతున్నాం, వదిలేది లేదు.

మా వీధుల్లో మే, జూన్ ప్యాకేజీలు అందినవాళ్లు తక్కువే. లేబర్ కార్డున్న బేల్దారులకు 3,000 పడింది. ఇంటిపనివాళ్లలో సంతకం దొరికినవాళ్లకు 2,000 వచ్చింది. ఇద్దరికి మాస్టారు చెప్పినట్టే ఊళ్లో పాత ఖాతాలో పడింది, పండక్కి వెళ్లినప్పుడు చూసుకున్నారు. ఆటోవాళ్లలో ఇక్కడి లైసెన్సున్నవాళ్లకే.

అందుకని నేను, ఇంకో ముగ్గురు టీచర్లు కలిసి ఆదివారాలు కూర్చుంటున్నాం. ఈశ్రమ్ నమోదు, లేబర్ కార్డు ఫారాలు, ఆధార్ ఏ ఖాతాకు లింకయిందో చూడటం, ఏ రకం బియ్యం కార్డో చూడటం. మేస్త్రీ గారు వస్తే బాగుంటుంది. 90 రోజుల కాగితానికి కాంట్రాక్టర్లతో మాట్లాడాలంటే మాకన్నా ఆయన మాట వింటారు.

సైటు మేస్త్రీ
21 నవంబర్ 2021, సాయంత్రం 6:00

వస్తానక్కా. ఇద్దరు కాంట్రాక్టర్లు తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లను కూడా తీసుకొస్తా.

మెజెస్టిక్ ఆటో
21 నవంబర్ 2021, రాత్రి 10:15

లైసెన్సు అడ్రసు ఇక్కడికి మార్పించుకోవడానికి పెట్టా. మీ దగ్గర ఈశ్రమ్ చేస్తారు కదా, బాడుగ ఆటో తోలేవాళ్లకు కూడా చేస్తారా అక్కా? మా స్టాండులో ఎనిమిది మంది ఉన్నారు.

కేఆర్ పురం అక్క
22 నవంబర్ 2021, ఉదయం 6:45

చేస్తాం తమ్ముడూ. బండి ఎవరిదని అడగరు. ఆధార్, ఆధార్‌కు లింకయిన ఫోను, పాసుబుక్కు తెచ్చుకోండి. ఫోను లింకు లేకపోతే ముందు ఆధార్ సెంటర్లో అది చేయించుకుని రండి, లేదంటే ఓటీపీ రాదు. అందరూ ఒకేసారి వస్తే మధ్యాహ్నం మూడు తరవాత రండి, పొద్దున ఆడవాళ్లు ఎక్కువగా ఉంటారు.